కాలిఫోర్నియాలో చలికాలం ట్రిప్ ఎలా ప్లాన్ చేస్కోవాలి: ఎడారికి డేట్లు ఫిక్స్ చేయండి, మంచుకి చేయకండి

డిసెంబర్ ఆఖరి వారం ఆఫీసులకి షట్‌డౌన్, పిల్లలకి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చి ఉంటారు, ఇంక శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న మనవాళ్ళందరం ఒకేసారి మంచు కొండల్లో ఉన్న టాహో సరస్సు వైపు బయల్దేరతాం. సరిగ్గా అదే వారం ఆ దారిలోని డానర్ పాస్ కనుమ మీద మంచు తుఫాను పట్టిందంటే ఐ-80 హైవే ఆపేస్తారు, వెనకాల పిల్లలు, పక్కన పెద్దవాళ్ళు, బాత్రూంకి వెళ్ళే దారి లేదు, డబ్బు పెట్టి బుక్ చేసిన హోటల్ రూం అక్కడ ఖాళీగా ఉంటుంది. అందుకే నేను అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్తాను, సెలవులు ముందే ఫిక్స్ అయిపోయి మార్చలేని వారం ఉంటే దాన్ని ఎడారికి ఇవ్వండి, మంచుకి మాత్రం ముందే డేట్ పెట్టుకోకండి, అది ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళాలి.

ఎందుకో చెప్తాను. తూర్పు వైపున్న ఎడారి పార్క్ డెత్ వ్యాలీలో జూలైలో పగలు సగటున 116 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, 1913 జూలై 10న 134 డిగ్రీలు రికార్డయింది, అంటే మన లెక్కలో 56.7 సెల్సియస్. మన రెంటచింతల ఎండలు చూసినవాళ్ళకి కూడా అది ఊహకి అందదు. అదే చోట డిసెంబర్, జనవరిలో పగలు 65 దగ్గర, అంటే 18 సెల్సియస్, రాత్రి 40కి, అంటే 4కి దిగుతుంది. నడవడానికి ఇంతకన్నా మంచి వాతావరణం ఎక్కడుంటుంది చెప్పండి? పైగా ఏడాది మొత్తం కలిపినా అక్కడ పడే వాన రెండు అంగుళాలు, కాబట్టి వాతావరణం వల్ల ట్రిప్ చెడిపోయే ఛాన్స్ బాగా తక్కువ. ఉత్తరాన వానలు, కొండల మీద మంచు తుఫాన్లు నడుస్తున్నప్పుడు కూడా చాలాసార్లు ఇక్కడ ఎండే ఉంటుంది.

సరే, మొదటి పని డేట్లు. ఇక్కడ మన తెలుగు క్యాలెండర్ బాగా పనికొస్తుంది, అమావాస్యకి మూడు రోజులు ముందు, మూడు రోజులు వెనక దొరికితే ఎడారి రాత్రులు ఆ రోజుల్లో పెట్టండి, డెత్ వ్యాలీ, దానికి దక్షిణాన ఉన్న ఇంకో ఎడారి పార్క్ జాషువా ట్రీ, రెండూ చీకటి ఆకాశానికి పేరున్న చోట్లు, ఊళ్ళో పెరిగిన పెద్దవాళ్ళు "చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే ఇట్లాగే కనపడేవి" అంటారు చూడండి, ఆ మాట కోసమైనా వెళ్ళాలి. డిసెంబర్ 13, 14 రాత్రులు జెమినిడ్స్ ఉల్కలు రాలతాయి, వీలైతే అప్పుడే. క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య అయితే డెత్ వ్యాలీ లోపల రూములు నెలల ముందే అయిపోతాయి, అవి దొరక్కపోతే కంగారు పడొద్దు, నెవడా వైపు బీటీ, పారంప్ ఊళ్ళు ఉన్నాయి, ఇటు పక్క రిడ్జ్‌క్రెస్ట్ ఉంది, కాకపోతే పొద్దున, సాయంత్రం డ్రైవింగ్ పెరుగుతుంది.

ఇంకో విషయం, డిసెంబర్‌లో ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. సమ్మర్ ట్రిప్ లాగా పది గంటలకి టిఫిన్ తిని తీరుబడిగా బయల్దేరితే సగం రోజు పోయినట్టే. పొద్దున్నే లేచే ప్లాన్ వేస్కోండి, పెద్దవాళ్ళు ఎలాగూ జెట్‌లాగ్‌లో మూడింటికే లేచి కూర్చుంటారు.

రెండో పని దారి. బే ఏరియా నుంచి డెత్ వ్యాలీకి మ్యాప్ చూస్తే యోసెమిటీ మీదుగా అడ్డంగా పోతే దగ్గర అనిపిస్తుంది, కానీ అక్కడ కొండలు దాటే టయోగా రోడ్డు మామూలుగా నవంబర్‌లో మూసేస్తే మళ్ళీ మే, జూన్ దాకా తెరవరు, ఉత్తరాన సొనోరా పాస్ కూడా అంతే. కాబట్టి కింద నుంచి చుట్టు తిరిగే పోవాలి. బేకర్స్‌ఫీల్డ్, అక్కణ్ణుంచి హైవే 58 మీద టెహాచపి, మొహావీ ఊరు, తర్వాత హైవే 14, 178 పట్టుకుని రిడ్జ్‌క్రెస్ట్. మొదటి రాత్రి ఇక్కడే పడుకోండి, ఒక్క రోజులో లోపలికి చేరాలని చూస్తే చీకట్లో కొండ దారిలో నడపాల్సొస్తుంది, చూడాల్సినవన్నీ చీకట్లో దాటిపోతాయి. పొద్దున్నే ట్రోనా, పానమింట్ వ్యాలీ మీదుగా 190 ఎక్కి టౌన్ పాస్ దిగుతుంటే లోయ మొత్తం ఒక్కసారి ఎదురుగా తెరుచుకుంటుంది, ఆ దిగుడు పగలే చూడాలి.

ఈ దారిలో అసలు భయపడాల్సింది మంచుకి కాదు, పొగమంచుకి. డిసెంబర్, జనవరిలో వాన పడి ఆగాక సెంట్రల్ వ్యాలీలో నేల మీంచి టూలీ ఫాగ్ లేస్తుంది, ఐ-5 మీదా 99 మీదా ఎదురుగా ఉన్న ట్రక్కు కూడా కనపడదు, ఒకదాని వెనక ఒకటి పదుల కొద్దీ కార్లు గుద్దుకున్న యాక్సిడెంట్లు అక్కడ చాలా జరిగాయి. ఈ ఫాగ్ రాత్రి పట్టి పొద్దునంతా ఉంటుంది, మధ్యాహ్నానికి చాలావరకు తేలిపోతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ట్రాఫిక్ తప్పించుకుందాం అనే అలవాటు ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. ఫాగ్ అడ్వైజరీ ఉందేమో ముందు రాత్రి చూస్కోండి, దారిలో పట్టేస్తే లో బీమ్ వేసి స్పీడు తగ్గించండి, లేన్‌లో మాత్రం ఆపకండి, దగ్గర్లో ఎగ్జిట్ వస్తే దిగిపోయి కాఫీ తాగుతూ కూర్చోండి.

కారు సంగతి. ఎడారికి మామూలు సెడాన్ చాలు, మీరు చూసే చోట్లన్నీ తారు రోడ్డే. రాళ్ళు వాటంతటవే జరిగిన గీతలుంటాయి కదా, ఆ రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన చెరువుకి మాత్రం రెంటల్ కారుతో పోవద్దు, పదునైన రాళ్ళున్న పొడుగాటి మట్టిరోడ్డు, టైరు చీలితే సిగ్నల్ ఉండదు, టోయింగ్‌కి చాలా అవుతుంది. గ్యాస్ లోపల దొరుకుతుంది గానీ రేటు బాగా ఎక్కువ, రిడ్జ్‌క్రెస్ట్‌లో ఫుల్ చేయించండి. ఎలక్ట్రిక్ కారైతే పార్క్ లోపల ఫాస్ట్ చార్జర్ మీద ఆశ పెట్టుకోకుండా బయట ఊళ్ళలోనే నింపుకుని లోపలికి వెళ్ళండి, చలికి రేంజ్ తగ్గుతుంది కూడా. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేస్కోండి, పార్క్ సర్వీస్ వాళ్ళ యాప్‌లో కూడా పార్క్ మొత్తం సేవ్ చేసుకునే ఆప్షన్ ఉంది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్ళు కార్లో ఉండాలి, చలి కదా దాహం వేయదులే అనుకుంటాం, గాలి పొడిగా ఉంటుంది, పెదాలు పగిలిపోతాయి, పెద్దవాళ్ళకి తలనొప్పి వస్తుంది. వేజలిన్ మర్చిపోకండి.

తిండి విషయంలో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ ఒక మాట. లోపల రెస్టారెంట్లు తక్కువ, వెజ్ ఇంకా తక్కువ. మొదటి రెండు రోజులకి పులిహోర, చపాతీలు, పొడులు, ఆ తర్వాత చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం, కూలర్ బాక్స్‌లో పెరుగు. పండ్లు మాత్రం ఆలోచించి కొనండి, నెవడా వైపు వెళ్ళి తిరిగి కాలిఫోర్నియాలోకి వచ్చేటప్పుడు అగ్రికల్చర్ చెక్‌పోస్ట్ దగ్గర అడుగుతారు, కొన్ని రకాలు తీసేసుకుంటారు, కాబట్టి ముందే తినేయండి.

ఇప్పుడు డెత్ వ్యాలీలో రెండు రోజులు ఎలా వాడాలో చెప్తాను. మొదటి రోజు మధ్యాహ్నానికి లోపలికి వస్తారు, ఆ సాయంత్రం స్టవ్‌పైప్ వెల్స్ పక్కన మెస్కీట్ ఇసుక దిబ్బలకి ఇచ్చేయండి. పార్కింగ్ దగ్గర అడుగుల గుర్తులు చూసి ఇంతేనా అనుకోవద్దు, ఇరవై నిమిషాలు లోపలికి నడిస్తే శుభ్రమైన ఇసుక వస్తుంది, ఎండ వాలినకొద్దీ ప్రతి దిబ్బకీ ఒక పక్క నల్లగా, ఒక పక్క బంగారంలా అవుతుంది. పిల్లలు అక్కణ్ణుంచి రానంటారు, టార్చ్ లైటు ఉంచుకోండి, చీకటి పడ్డాక కారు ఏ వైపుందో తెలీదు.

రెండో రోజు సూర్యోదయానికి జబ్రిస్కీ పాయింట్. కారు దిగి చిన్న ఎత్తు ఎక్కితే చాలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా మెల్లగా ఎక్కగలరు. చలి కొరికేస్తుంది, మంకీ క్యాప్‌లు, స్వెటర్లు బయటకి తీయండి. ఇక్కడ చాలామంది సూర్యుడు వచ్చే వైపు చూస్తారు, మీరు పడమటి వైపు చూడండి, ఎదురుగా పానమింట్ కొండల కొసలకి ముందు గులాబీ రంగు పడుతుంది, అది మెల్లగా కిందికి దిగి మీ కాళ్ళ కింద ఉన్న పసుపు మట్టి మడతల్లోకి వస్తుంది. తర్వాత గోల్డెన్ కాన్యన్‌లో ఓపికున్నంత దూరం నడిచి, బాడ్‌వాటర్ వెళ్ళండి, సముద్ర మట్టానికి 282 అడుగుల కింద, ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పల్లం లేదు. పార్కింగ్ వెనక కొండ మీద పైన ఎక్కడో "సీ లెవెల్" అని చిన్న బోర్డు ఉంటుంది, పిల్లల్ని వెతకమనండి, కనపడినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. ఉప్పు మీద చెక్క దారి అయిపోయాక కూడా ముందుకి నడిస్తేనే ఆరు పలకల ఉప్పు గడులు బాగా కనపడతాయి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వచ్చి ఇక్కడ పెద్ద చెరువే నిలిచింది, నెలల తరబడి ఉండి 2024 మొదట్లో జనం పడవలు కూడా వేశారు, అలాంటి ఏడాది మీకు తగిలితే అదృష్టమే. తిరుగు దారిలో ఆర్టిస్ట్స్ డ్రైవ్, అది వన్‌వే, దక్షిణం నుంచే ఎక్కాలి, మధ్యాహ్నం దాటాక రంగులు బాగుంటాయి. ఆ సాయంత్రం ఓపికుంటే డాంటేస్ వ్యూ, 5,475 అడుగులు, పొద్దున నడిచిన ఉప్పు మైదానం మొత్తం నిట్టనిలువుగా కింద పరుచుకుని ఉంటుంది.

ఇక్కణ్ణుంచి దక్షిణానికి. 127 మీద షోషోన్ దాటి బేకర్ వస్తే 134 అడుగుల థర్మామీటర్ స్తంభం కనపడుతుంది, పైన చెప్పిన ఆ 134 డిగ్రీల గుర్తుగా కట్టిందే. బేకర్‌లో మళ్ళీ ట్యాంక్ నింపి మొహావీ ప్రిజర్వ్ లోంచి ట్వెంటీనైన్ పామ్స్‌కి దిగొచ్చు, కానీ అక్కడి రోడ్లు వరదలకి కొట్టుకుపోయి అప్పుడప్పుడు మూసి ఉంటాయి, ముందు చూస్కోండి, మూసి ఉంటే బార్స్టో వచ్చి 247 పట్టుకోండి.

జాషువా ట్రీలో గ్యాస్ లేదు, తిండి లేదు, గేట్ల దగ్గర తప్ప లోపల తాగే నీళ్ళు దాదాపు లేవు. ఒక నిండు రోజు చాలు. పొద్దున్నే చోయా కాక్టస్ గార్డెన్, ఎండ వెనకనుంచి పడితే ముళ్ళన్నీ వెలుగుతాయి, కానీ పిల్లల చెయ్యి వదలొద్దు, దగ్గరికి పోతే చాలు ముళ్ళ గుత్తి ఊడి బట్టలకి పట్టేస్తుంది, చేత్తో లాగకూడదు, సందులున్న దువ్వెన ఒకటి జేబులో పెట్టుకుని దాంతో లేపండి. సాయంత్రం కీస్ వ్యూ, అక్కణ్ణుంచి చూస్తే కింద కోచెల్లా లోయ, దాన్ని కోసుకుంటూ శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్, గాలి శుభ్రంగా ఉన్న రోజు దూరంగా సాల్టన్ సీ కూడా కనపడతాయి.

మరి మంచు? పెద్దవాళ్ళు అమెరికా వచ్చి మంచు చూడకుండా వెళ్ళిపోతారా అంటారు, దానికే పామ్ స్ప్రింగ్స్. అక్కడి ఏరియల్ ట్రామ్‌వే 1963 నుంచి నడుస్తోంది, 2,643 అడుగుల దగ్గర ఎడారిలో ఎక్కితే పది నిమిషాల్లో 8,516 అడుగుల మీద దింపుతుంది, క్యాబిన్ లోపల నేల చుట్టూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి కిటికీ పక్క చోటు కోసం తోసుకోవక్కర్లేదు. తుఫాను దాటిన వారం అయితే కింద ఖర్జూరం చెట్లు, పైన పైన్ చెట్ల కింద మంచు. టైర్లకి చైన్లు అక్కర్లేదు, స్నో డ్రైవింగ్ అక్కర్లేదు, రక్తపోటు పెరగదు. మంచు డ్రైవింగ్ అలవాటు లేనివాళ్ళకి కాలిఫోర్నియాలో ఇంతకన్నా మంచి దారి లేదని నా గట్టి నమ్మకం. పొద్దున మొదటి ట్రామ్‌కి ముందే టికెట్ తీసుకోండి, సెలవు రోజుల్లో మధ్యాహ్నం లైన్ చాలా పెద్దది. దిగాక ఇండియో వైపు పోయి ఖర్జూరం షేక్ తాగండి, అమెరికాలో ఖర్జూరం ఎక్కువగా పండేది ఈ లోయలోనే.

తిరుగు ప్రయాణం సముద్రం పక్కనుంచి. లాస్ ఏంజెలెస్ దాటాక కలబాసాస్‌లో మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి, కొండల మధ్య తెల్లటి గోపురాలు, పెద్దవాళ్ళకి ట్రిప్ మొత్తంలో ఇదే నచ్చినా ఆశ్చర్యపోవద్దు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి టైమింగ్స్ చూస్కుని వెళ్ళండి. ఆ రాత్రికి పిస్మో బీచ్. మర్నాడు అక్కడి యూకలిప్టస్ తోపులో మోనార్క్ సీతాకోకచిలుకలు, అక్టోబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా ఉంటాయి. పొద్దున్నే పోతే ఎండుటాకుల గుత్తుల్లా రెక్కలు ముడుచుకుని వేలాడుతుంటాయి, ఇవేనా అని తిరిగి రావద్దు, ఎండ ఎక్కి వెచ్చబడ్డాక పది దాటితే ఒక్కొక్కటే లేస్తాయి. ఈ మధ్య వీటి సంఖ్య బాగా పడిపోయింది, మన పిల్లలు పెద్దయ్యేసరికి ఉంటాయో లేదో తెలీదు, అందుకే చూపించండి.

అక్కణ్ణుంచి గంట పైకి శాన్ సిమియన్, హర్‌స్ట్ క్యాజిల్ దాటాక కొద్ది మైళ్ళలో పియడ్రాస్ బ్లాంకాస్. ఒడ్డంతా ఎలిఫెంట్ సీల్స్ అనే పెద్ద సముద్ర జంతువులు, మగవి 5,000 పౌండ్ల దాకా పెరుగుతాయి, జనవరిలో పిల్లలు కూడా ఉంటాయి, మగవాటి కొట్లాటలు, అరుపులు కారు దిగకముందే వినపడతాయి. టికెట్ లేదు, బుకింగ్ లేదు, చెక్క దారి మీద వీల్‌చెయిర్ కూడా పోతుంది. ఇంటికి దగ్గర్లో చూడాలంటే శాంటా క్రూజ్ పైన అన్యో నువేవో ఉంది, అక్కడ డిసెంబర్ 15 నుంచి మార్చి 31 దాకా గైడెడ్ వాక్‌లోనే లోపలికి పోనిస్తారు, ముందే బుక్ చేయాలి. నిలబడ్డ చోటే సముద్రం వైపు కాస్త ఓపిగ్గా చూడండి, అలాస్కా నుంచి మెక్సికోకి వెళ్ళే గ్రే వేల్స్ ఈ నెలల్లోనే దాటుతాయి, ముందు నీటి ఆవిరి లేస్తుంది, అదే గుర్తు.

సముద్రం కనపడితే కాళ్ళు తడుపుకోవాల్సిందే మనకి, కానీ ఇది వైజాగ్ ఆర్కే బీచ్ కాదు. చలికాలంలో ఉన్నట్టుండి ఒక పెద్ద అల మిగతావాటికన్నా చాలా పైదాకా వచ్చి మనుషుల్ని లాక్కుపోతుంది, స్నీకర్ వేవ్ అంటారు, నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయంటే ఈత వచ్చినవాళ్ళ చేతులు కూడా కాసేపటికి కదలవు. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు, తడిసిన రాళ్ళెక్కొద్దు, పిల్లలతో అయితే ఇంకా గట్టిగా చెప్పండి. శాన్ సిమియన్ నుంచి హైవే 1 మీద బిగ్ సర్ పోదామనుకుంటే రోడ్డు తెరిచి ఉందో లేదో చూసే కదలండి, 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి ఏడాది పైనే మూశారు, 2021లో రాట్ క్రీక్ దగ్గర రోడ్డే కొట్టుకుపోయింది, వానాకాలంలో ఇది మామూలు. అనుమానం ఉంటే 46 మీద పాసో రోబుల్స్ వచ్చి 101 ఎక్కేయండి. ఈ చుట్టు మొత్తానికి ఎనిమిది రోజులు ఉంటే హాయిగా అవుతుంది, ఆరే ఉంటే డెత్ వ్యాలీ వదిలి జాషువా ట్రీ నుంచి మొదలెట్టండి.

ఇక కొండలు. టాహో, యోసెమిటీ ఇంటి నుంచి నాలుగు గంటల్లో ఉన్నాయి కాబట్టి వాటికి జనవరి, ఫిబ్రవరి శనాదివారాలు ఖాళీగా ఉంచుకోండి, సంక్రాంతి పక్కనే వచ్చే ఎంఎల్‌కే (మార్టిన్ లూథర్ కింగ్ డే) లాంగ్ వీకెండ్‌లో మాత్రం వద్దు, రద్దీ ఎక్కువ. క్యాన్సిల్ చేసుకోగలిగే రూం బుక్ చేయండి, గురువారం సాయంత్రం ఫోర్‌కాస్ట్ చూడండి, తుఫాను వచ్చి వెళ్ళిపోయి రెండు రోజులు ఎండ అంటే బయల్దేరండి, తుఫాను వస్తోందంటే క్యాన్సిల్ కొట్టండి. రాష్ట్ర రోడ్ల శాఖ క్యాల్‌ట్రాన్స్ వాళ్ళ క్విక్‌మ్యాప్ యాప్‌లో చైన్ కంట్రోల్, అంటే ఏ రోడ్డు మీద టైర్లకి చైన్లు వేయాలో, కనపడుతుంది. ఆర్2 అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ తప్ప అందరూ చైన్లు వేయాలి, ఆ ఆల్ వీల్ డ్రైవ్ వాళ్ళు కూడా చైన్లు కార్లో పెట్టుకునే ఉండాలి, ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. చాలా రెంటల్ కంపెనీలు చైన్లు వేయనివ్వవు, అగ్రిమెంట్ చదవండి. చైన్లు ఇంటి ముందు ఎండలో ఒకసారి వేసి తీసి ప్రాక్టీస్ చేయండి, మొదటిసారి మంచులో, చీకట్లో, మోకాళ్ళ మీద వేయడం చాలా కష్టం. పిల్లల్ని స్లెడ్ మీద ఆడించడానికి రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ ఆపొద్దు, స్నో-పార్క్ అని పార్కింగ్ చోట్లు ఉన్నాయి, పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి.

యోసెమిటీకి చలికాలంలో మెర్సెడ్, మారిపోసా మీదుగా 140 దారి ఎంచుకోండి, మిగతా దారులకన్నా తక్కువ ఎత్తులో నది పక్కన పోతుంది, మంచు ఇబ్బంది తక్కువ, అయినా చైన్లు కార్లో ఉండాల్సిందే. వ్యాలీ ఏడాదంతా తెరిచే ఉంటుంది, జనం తక్కువ, టన్నెల్ వ్యూ దగ్గర మంచు పట్టిన ఎల్ క్యాపిటన్ కొండ తీరే వేరు. ఫిబ్రవరి మధ్య నుంచి ఆఖరు దాకా హార్స్‌టెయిల్ ఫాల్ జలపాతం మీద సూర్యాస్తమయం వెలుగు పడి నిప్పులు కారుతున్నట్టు కనపడుతుంది, దానికి పైన మంచు కరిగి నీళ్ళు రావాలి, పడమర మబ్బు లేకుండా ఉండాలి, రెండూ కుదిరితేనే, అదీ కొద్ది నిమిషాలే. పార్కింగ్, రిజర్వేషన్ రూల్స్ ఏడాదికో రకంగా మారతాయి. ఫీజులు కూడా 2026 నుంచి అమెరికాలో ఉండేవాళ్ళకి ఒకటి, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకి ఇంకొకటి చేశారు, కాబట్టి అమ్మానాన్నలతో వెళ్తుంటే పార్క్ వెబ్‌సైట్‌లో ఎవరికి ఎంతో చూసుకుని, మీ స్టేట్ ఐడీ, వాళ్ళ పాస్‌పోర్టులు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళండి.